జబ్బు సమయంలో విశ్వాసానికి వచ్చే శోధన



జబ్బు ఒకరికి వచ్చినా బాధ ఇంటిల్లిపాదిదీ. నిద్ర ఉండదు, చేతిలో డబ్బు అయిపోతుంది, జ్వరం మాత్రం తగ్గదు. విశ్వాసంలో రాజీపడే శోధన సరిగ్గా అప్పుడే వస్తుంది. అది మన మేలు కోరేవారి నోటినుండే వస్తుంది. "ఒక్క తాయెత్తు కట్టించు, పోయేదేముంది?" అంటారు. "ఇది చేతబడి, మంత్రగాడికి చూపించు" అంటారు.

బైబిలులో ఇద్దరు రాజులు జబ్బుపడ్డారు. ఇశ్రాయేలు రాజు అహజ్యా మేడపై నుండి పడి, తాను బాగుపడతాడో లేదో తెలుసుకోవడానికి ఎక్రోను దేవత బయల్జెబూబు దగ్గరకు మనుషులను పంపాడు (2 రాజులు 1). యూదా రాజు హిజ్కియా దేవునికి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించాడు. అయినా ఆయన పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని యెషయా ప్రవక్త చెప్పాడు (2 రాజులు 20). ప్రార్థన, వైద్యం అక్కడ కలిసే ఉన్నాయి.

తాయెత్తు పనిచేసినట్లు ఎందుకు కనిపిస్తుంది?

పచ్చకామెర్లనే తీసుకోండి. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల కామెర్లు వస్తే, చాలామందికి విశ్రాంతితో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ మధ్యలో కట్టిన తాయెత్తుకో, పోసిన పసరుకో పేరు వస్తుంది. కాని పిత్తనాళంలో రాయి గాని, గడ్డ గాని అడ్డుపడి కామెర్లు వస్తే తాయెత్తుతో తగ్గవు. విలువైన సమయం పోతుంది. గర్భిణీ స్త్రీకి హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు. వాతలు పెడితే పుండ్లు పడి చీము పడుతుంది.

రెండవ శోధన

ఇది భక్తి వేషంలో వస్తుంది. "నిజంగా విశ్వాసం ఉంటే మాత్రలు మానేయండి" అని కొందరు చెబుతారు. ఇదీ రాజీయే. దేవుడిచ్చిన సహాయాన్ని తోసివేయడం విశ్వాసం కాదు. సువార్త రాసిన లూకా వైద్యుడే (కొలస్సయులకు 4:14). మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం పోవచ్చు. క్షయ మందులు మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టి, మందులకు లొంగకుండా పోవచ్చు. ఇన్సులిన్ మీద ఆధారపడిన బిడ్డకు అది ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం.

మీరు చేయవలసినవి

1. ఎవరేమి చెప్పినా ఏం చేయాలో ఇంట్లో అందరూ ముందే మాట్లాడుకోండి. అలసిపోయిన అర్ధరాత్రి నిర్ణయాలు తీసుకోవద్దు.

2. సలహా చెప్పినవారిని కించపరచవద్దు. "మీ ప్రేమకు వందనాలు అత్తా. మేము ప్రభువును నమ్ముకున్నాము, డాక్టరుగారి మందు వాడుతున్నాము" అని నెమ్మదిగా చెప్పండి. వారి విశ్వాసాన్ని ఎగతాళి చేయడం సాక్ష్యం కాదు.

3. ఇప్పటికే పసరు మందు తాగించి ఉంటే దాచవద్దు. డాక్టరుకు, నర్సుకు చెప్పండి. కొన్ని పసర్లు కాలేయాన్ని, మూత్రపిండాలను పాడుచేస్తాయి కాబట్టి వారికి తెలియడం అవసరం.

4. భయంతో తాయెత్తు కట్టించి ఉంటే కుమిలిపోవద్దు. ప్రభువు దగ్గర ఒప్పుకోండి. పేతురును క్షమించినవాడు మిమ్మల్ని త్రోసివేయడు.

5. "నీ పాపం వల్లే ఈ జబ్బు" అని రోగిని ఎన్నడూ నిందించవద్దు.

బాగుపడకపోతే?

ఈ ప్రశ్న మీ మనసులో ఉందని మాకు తెలుసు. షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండం ముందు నిలబడి, దేవుడు తమను రక్షించగలడని, రక్షించకపోయినా బంగారు ప్రతిమకు మొక్కమని చెప్పారు (దానియేలు 3). వారి విశ్వాసం బేరం కాదు. మన ప్రార్థన కూడా అలాగే ఉండాలి. మంచం పక్కన కూర్చొని రోగి చేయి పట్టుకోండి, వేళకు మందు ఇవ్వండి, ప్రార్థించండి. ఫలితాన్ని ప్రభువు చేతికి అప్పగించండి. ఆయన సమాధానం మీ ఇంటికి తోడైయుండును గాక.