మంచు అక్కడ కరిగితే సముద్రం ఇక్కడ ఎందుకు పెరుగుతుంది?

గిన్నెలో నీళ్లు పోస్తే అన్ని వైపులా ఒకే ఎత్తుకు వస్తాయి. ధ్రువాల దగ్గరి మంచు కరిగి సముద్రంలో కలిసినా అలాగే జరుగుతుందని మీరు అనుకోవచ్చు. కానీ సముద్రం గిన్నె కాదు. మారిషస్ లాంటి దీవిలో ఉండే మనం ఈ తేడా తెలుసుకోవాలి.

భూమి మీద రెండు మంచు ఫలకాలు ఉన్నాయి. మంచు ఫలకం అంటే ఒక పెద్ద భూభాగాన్ని కప్పిన మందమైన మంచు. ఒకటి ఉత్తరాన గ్రీన్‌లాండ్‌లో ఉంది. మరొకటి దక్షిణాన అంటార్కిటికాలో ఉంది. మొదటిది మొత్తం కరిగితే ప్రపంచ సముద్ర మట్టం సుమారు 7 మీటర్లు పెరుగుతుంది. రెండోది కరిగితే సుమారు 58 మీటర్లు పెరుగుతుంది. అంత మంచు కరగడానికి వందల, వేల ఏళ్లు పడుతుంది. మన పిల్లలకు కావలసిన లెక్క వేరు: 2100 నాటికి ఎంత?

దీని కోసం శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలు తయారు చేస్తారు. మంచు ఫలకాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో ఎంత మంచు కురిసింది, ఎంత కరిగింది, ఎంత జారింది, అంచున ఎంత విరిగి సముద్రంలో పడింది అని లెక్క కడతారు. పళ్లెంలో పోసిన తేనె తన బరువుకే మెల్లగా పరుచుకుంటుంది కదా! మంచు కూడా అలాగే కదులుతుంది.

నమూనాను నమ్మే ముందు గడిచిన కాలంతో పోల్చి చూస్తారు. 2002లో పంపిన గ్రేస్ ఉపగ్రహాలు మంచు బరువులో మార్పును కొలిచాయి. ఇంకా పాత సాక్ష్యం మనకు దగ్గరలోనే ఉంది. సుమారు 1,25,000 ఏళ్ల క్రితం సముద్రం ఇప్పటికంటే 5 నుంచి 10 మీటర్లు ఎత్తుగా ఉండేది. సీషెల్స్ రాళ్ల మీద మిగిలిన పాత పగడాలు ఆ సంగతి చెబుతాయి.

అన్నిటికంటే కష్టమైన లెక్క పడమటి అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదానిది. దాని కింది నేల సముద్ర మట్టానికి దిగువన ఉంది. లోపలికి పోయేకొద్దీ ఇంకా లోతు. వెచ్చని నీరు దాన్ని అడుగు నుంచి కరిగిస్తోంది. ఎంత వేగంగా వెనక్కి జరుగుతుందో నమూనాలన్నీ ఒకే మాట చెప్పవు. అందుకే 2021 నాటి ఐపీసీసీ నివేదిక ఒకే అంకె ఇవ్వలేదు. భూమిని వేడెక్కించే వాయువులను బాగా తగ్గిస్తే 2100 నాటికి 28 నుంచి 55 సెంటీమీటర్లు, విపరీతంగా పెరగనిస్తే 63 నుంచి 101 సెంటీమీటర్లు అంది. వాయువులు అలా పెరిగితే 2 మీటర్ల దాకా వెళ్లడాన్నీ కొట్టిపారేయలేమంది.

ఇవి ప్రపంచ సగటు అంకెలు. మన లెక్క అక్కడ ఆగదు. మంచు ఫలకం ఎంతో బరువైనది కాబట్టి చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాగుతుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి నీరు దూరానికి పోతుంది. గ్రీన్‌లాండ్ మంచు కరిగితే ఆ తీరంలోనే సముద్రం దిగుతుంది! ధ్రువాలకు దూరంగా ఉన్న వెచ్చని సముద్రాల్లో మాత్రం సగటు కంటే ఎక్కువ పెరుగుతుంది. మన దీవి అక్కడే ఉంది. మన పెద్దలు ఓడ ఎక్కిన కోరంగి తీరమూ అక్కడే ఉంది. వాళ్లు దిగిన ఆప్రవాసి ఘాట్ పోర్ట్ లూయీ రేవు పక్కనే ఉంది.

ఇకమీద వార్తల్లో సముద్ర మట్టం అంకె వింటే మూడు ప్రశ్నలు అడగండి. అది ఏ సంవత్సరానికి? వాయువులు తగ్గుతాయనుకునా, పెరుగుతాయనుకునా? ప్రపంచ సగటా, మన తీరానిదా? తీరంలో ఇల్లు కట్టేవారికీ, గోడ కట్టేవారికీ మూడో జవాబే ముఖ్యం.