ఇంటి వెల – బడి విలువ

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుచుండిరి. ఈ రెండు కార్యములును గృహస్థుని ధనమును, ఓర్పును గూడ పరీక్షించునవి. పూర్వము ఇంటిస్థలము చూచునప్పుడు నీటి వసతి యెట్లున్నది, వీథిపోటు ఉన్నదా, ఇరుగుపొరుగువా రెట్టివారు అను ప్రశ్నలు ముందుగా పుట్టెడివి. నేడును ఆ విచారణ పోలేదు. కాని దానితో సమానమైన ప్రశ్న మరియొకటి వచ్చి చేరినది. “ఇచటికి దగ్గరలో మంచి బడి యేది?” చిన్నపిల్లలు గల దంపతులు ఇల్లు చూడబోయినచో వంటగదిలో అడుగు పెట్టకమునుపే ఈ ప్రశ్న వేయుచున్నారు. అపార్టుమెంట్లు కట్టి అమ్మువారి ప్రకటనలలో ఏ పాఠశాల ఎన్ని నిమిషముల దూరమున నున్నదో పటము గీచి చూపుట పరిపాటి యైనది.

ఇది కేవలము నేటి తలిదండ్రుల వ్యామోహమని త్రోసివేయుటకు వీలులేదు. బిడ్డ చదువుకై నివాసము మార్చుట మిక్కిలి ప్రాచీనమైన ఆచారము. చైనాదేశమున కన్ఫ్యూషియస్ తరువాత అంతటివాడని పేరొందిన తత్త్వవేత్త మెన్షియస్. అతని తల్లి మూడు ఇండ్లు మారిన కథ ఆ దేశమున తరతరములుగా చెప్పుకొనుచున్నారు. మొదట వారి యిల్లు శ్మశానము చెంత నుండెను. పిల్లవాడు అంత్యక్రియలను అనుకరించుచు ఆడుకొనుచుండెను. తల్లి కలతపడి అంగడివీథికి కాపురము మార్చెను. వాడు బేరగాండ్ర కేకలు నేర్చెను. అంతట ఆమె పాఠశాల ప్రక్కకు చేరెను. వాడు అచటి మర్యాదలను అనుకరింపసాగెను. బిడ్డకు తగిన చోటు ఇదియేయని ఆమె అచట స్థిరపడెను.

మనకును అట్టి తల్లి కలదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872లో జన్మించిరి. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు పిల్లలతో ఒంగోలు చేరి, పూటకూళ్ల యిల్లు నడిపి, ఆ వచ్చిన దానితోనే వారిని పోషించి చదివించిరి. ఆ కాలమున ఆ వృత్తికి సంఘములో గౌరవము లేదు. ఐనను ఆమె వెనుదీయలేదు. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యయ్యెను.

ఈ యిద్దరు తల్లులు చెల్లించిన మూల్యము తమ శ్రమ, తమ అభిమానము. వారు బడి చెంతకు చేరినందున మరియొక బిడ్డ బడికి దూరము కాలేదు. నేటి పరిస్థితి భిన్నమైనది. మంచి బడులు కొన్నియే యుండి, వాటిలో చోటు ఇంటి చిరునామానుబట్టి లభించునప్పుడు, ఆ చిరునామాకే వెల ఏర్పడును. వెల చెల్లింపగలవాడు లోపలికి పోవును. చెల్లింపలేనివాడు వెలుపల నిలుచును. ఈ పద్ధతి ఎంతదూరము పోగలదో తెలిసికొనవలెనన్న అమెరికా దేశమును చూడవలెను.

అమెరికాలో ప్రభుత్వ పాఠశాలకు ఫీజు లేదు. కాని ఏ వీథిలో నివసించు బిడ్డ ఏ బడికి పోవలెనో సాధారణముగా స్థానిక పాఠశాలా మండలము నిర్ణయించును. ఆ మండలపు ఆదాయములో పెద్దభాగము ఇండ్లమీదను, భూములమీదను విధించు పన్నువలన వచ్చును. కావున ఫీజు లేని బడికి కట్టు ఫీజు ఇంటి వెలలో దాగియుండును. ఉద్యోగములకై అచటికి పోయిన మన తెలుగువారు ఈ సూత్రమును త్వరగానే గ్రహించిరి. టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరము చుట్టునున్న ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లలో మనవారు స్థిరపడుటకు గల కారణములలో అచటి పాఠశాలల పేరు ముఖ్యమైనది. ఇంటి ముఖము తూర్పా, ఉత్తరమా అని విచారించుటతోబాటు అది ఏ బడి పరిధిలోనిదో విచారింపక అచట తెలుగు కుటుంబము బయానా ఇచ్చుట అరుదు.

బడికి నిజముగా ఎంత వెల కట్టుచున్నారు? ఈ ప్రశ్నకు సాండ్రా బ్లాక్ అను అర్థశాస్త్రవేత్త 1999లో చక్కని సమాధానము చెప్పిరి. ఆమె బోస్టను నగరపు శివారు ప్రాంతములలో, ఒకే ఊరిలో, రెండు ప్రాథమిక పాఠశాలల పరిధులు కలియు సరిహద్దు గీతలను తీసికొనిరి. గీతకు ఇరువైపుల నున్న ఇండ్లు ఇంచుమించు ఒకే తీరువి. వీథులు, పన్నులు, అంగళ్లు అన్నియు సమానము. బడి యొక్కటియే వేరు. ఆ ఇండ్ల వెలలను పోల్చి చూడగా, పరీక్షలలో 5 శాతము హెచ్చు మార్కులు వచ్చు బడి వైపున ఇంటి వెల సుమారు 2.5 శాతము హెచ్చుగా నుండెను. కంటికి కానరాని ఒక గీత గోడల వెలనే మార్చుచున్నదన్నమాట.

ఉపాధ్యాయులు ఇచట ఒక్క క్షణము ఆగి యోచింపవలెను. ఒక బడికి మంచిపేరు రావలెనన్న ఎందరో గురువులు ఏండ్ల తరబడి పాటుపడవలెను. చాక్‌పొడిలో, పేపర్లు దిద్దుటలో, వెనుకబడిన బాలుని సాయంకాలము కూర్చుండబెట్టి చెప్పుటలో ఆ విలువ పుట్టుచున్నది. ఆ విలువ ధనరూపము దాల్చునప్పుడు మాత్రము ఆ గురువు చేతికి రాదు. బడి ప్రక్కనున్న స్థలము యజమానికి చేరుచున్నది. పలుమారు ఆ బడిలో పాఠము చెప్పు ఉపాధ్యాయుడే ఆ పేటలో అద్దె యిల్లు పట్టలేని స్థితి కలుగుచున్నది.

ఇక చిరునామా లేనివారి గతి యేమి? టెక్సాసులోని శాన్ అంటోనియో నగరమున ఎడ్జ్‌వుడ్, ఆలమో హైట్స్ అను రెండు పాఠశాలా మండలములు కలవు. మొదటిది ఆ కాలమున మెక్సికను సంతతికి చెందిన బీదలు నివసించు ప్రాంతము. రెండవది కలిగినవారి నివాసము. 1968 మే నెలలో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు విద్యార్థులు సుమారు 400 మంది తరగతులు విడిచి వెలికి వచ్చి, తమకు అర్హతగల ఉపాధ్యాయులు కావలెనని, బడి వసతులు బాగుచేయవలెనని కోరిరి. పిల్లలు వేసిన ప్రశ్నను తలిదండ్రులు న్యాయస్థానమునకు కొనిపోయిరి. డెమెట్రియో రోడ్రిగెజ్ మున్నగువారు వేసిన ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయెను.

ఆ తీర్పులో నమోదైన 1967-68 విద్యాసంవత్సరపు లెక్కలు చూడదగినవి. ఎడ్జ్‌వుడ్‌లో ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్ల పన్ను. ఆలమో హైట్స్‌లో 0.85 డాలరు. అనగా బీదలే హెచ్చు రేటున పన్ను కట్టిరి. ఐనను, రాష్ట్రపు కనీస నిధికి ఇయ్యవలసినది పోగా, స్థానిక పన్నువలన విద్యార్థి ఒక్కనికి ఎడ్జ్‌వుడ్‌లో 26 డాలర్లును, ఆలమో హైట్స్‌లో 333 డాలర్లును మిగిలెను. రాష్ట్ర, కేంద్ర నిధులు చేరిన పిమ్మట గూడ మొత్తము ఒకచోట 356, మరియొకచోట 594 డాలర్లు. ఇండ్ల విలువ తక్కువ గనుక పన్ను రేటు పెంచినను ఫలము లేకపోయెను. 1973లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపును, నలుగురు మరియొకవైపును నిలువగా ఆ తలిదండ్రులకు వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. తరువాత టెక్సాసు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 1989లో ఆ నిధుల విధానము రాష్ట్ర రాజ్యాంగమునకు విరుద్ధమని నిర్ణయించెను. 1993లో సంపన్న మండలముల పన్నులో కొంత తీసికొని పేద మండలములకు పంచు చట్టము వచ్చెను. పిల్లలు తరగతి విడిచి వెలికి వచ్చిన నాటినుండి అప్పటికి ఇరువదియైదేండ్లు గడచెను. ఆ పిల్లల బిడ్డలు బడియీడునకు వచ్చిరి!

పన్నుల పద్ధతి వేరైనచోట ఈ చిక్కు ఉండదని తలంపరాదు. దక్షిణ కొరియాలో ఉన్నత పాఠశాలల ప్రవేశపరీక్షలు పిల్లలను నలిపివేయుచున్నవని, 1974లో సియోల్, బుసాన్ నగరములలో వాటిని తొలగించి, నివాసమునుబట్టి చీట్లు వేసి బడులు కేటాయింపసాగిరి. ఆ కాలముననే సియోల్ నగరమున హాన్ నదికి దక్షిణమున గాంగ్నం అను క్రొత్త పేట వెలయుచుండెను. జనులను అచటికి రప్పించుటకై ప్రభుత్వము పేరుపొందిన పాఠశాలలను నది దాటించెను. క్యోంగీ ఉన్నత పాఠశాల 1976లో అచటికి తరలిపోయెను. మరికొన్ని దాని వెంట నడచెను. బడి పోయిన త్రోవనే కుటుంబములు పోయెను. ఇండ్ల వెలలు మిన్నంటెను. ప్రవేశపరీక్ష తొలగినది గాని, దాని స్థానమున చిరునామా పరీక్ష వచ్చి కూర్చున్నది. మొదటి పరీక్షలో బిడ్డ తెలివి కొంతయైన అక్కరకు వచ్చెడిది. రెండవదానిలో తండ్రి ధనమే అక్కరకు వచ్చును.

మన తెలుగునాట ఈ కథ మరియొక రూపమున నడచుచున్నది. మనకు ప్రైవేటు పాఠశాలల ప్రవేశము చిరునామాతో ముడివడి యుండలేదు. పసుపుపచ్చని బస్సు ఎంతదూరమైనను వచ్చును. కావున మనవారు బడి యున్న పేటలో ఇల్లు కొనుటయేగాక, బడికై ఊరినే విడుచుచున్నారు. పల్లెలో తండ్రి వ్యవసాయము చూచుకొనుచుండగా, తల్లి పిల్లలతో పట్నములో అద్దె యింట కాపురముండుట నేడు సాధారణ దృశ్యము. అవ్వయు తాతయు పల్లెలో మిగిలిపోవుదురు. కొన్నాళ్లకు పొలములో కొంత అమ్మి పట్నములో చిన్న ఫ్లాటు కొందురు. ఒక్కొక్క కుటుంబమును వేరుగా చూచినచో ఇందులో తప్పుపట్టుటకేమియు లేదు. అన్ని కుటుంబములను కలిపి చూచినప్పుడే నష్టము తెలియును. బడి బాగోగులు అడుగగల తలిదండ్రులు ఊరు విడిచిరి. పిల్లల సంఖ్య తగ్గెను. సంఖ్యనుబట్టి ఉపాధ్యాయ పోస్టులు తగ్గెను. ఐదు తరగతులకు ఒక్క గురువు మిగిలెను. అది చూచి మిగిలినవారును ఊరు విడిచిరి. బడి బాగులేదని కొందరు పోయిరి. వారు పోయినందున బడి మరింత చెడినది.

ఇల్లు కొనబోవు కుటుంబము ముందు నిలుచు చిక్కులు తక్కువవి కావు. తాతగారికి వైద్యుడును, గుడియు దగ్గర కావలెను. తండ్రికి కచేరి దగ్గర కావలెను. తల్లికి తన ఉద్యోగమును, పిల్లలు క్షేమముగా ఇల్లు చేరు త్రోవయు కావలెను. బిడ్డకు స్నేహితులు, ఆడుకొన కొంత నేల కావలెను. వానిని అడుగువారు మాత్రము అరుదు. వీనినన్నిటిని త్రోసి బడి పేరొక్కటియే గెలిచినచో దాని ఫలము ఇంటిల్లిపాదియు అనుభవింతురు. బడి చదువు పన్నెండేండ్లలో ముగియును. ఇంటి అప్పు ఇరువదియేండ్లు సాగును. అప్పు వాయిదాకై రాత్రి ప్రొద్దుపోవువరకు పనిచేయు తండ్రి, బిడ్డ పుస్తకము తెరచి చూచునంతటి తీరిక నోచుకొనడు.

మంచి బడి యనగా నేమి? పరీక్షాఫలితములే కొలబద్ద యనుకొందుము. కాని చదువుకొన్న తలిదండ్రుల బిడ్డలు, ఇంట పుస్తకములు గల బిడ్డలు ఒకచోట చేరినప్పుడు ఆ బడి ఫలితములు సహజముగానే హెచ్చును. అందులో గురువుల నేర్పు ఎంత, ఇంటి సాయము ఎంత యని వేరుచేయుట కష్టము. మొదటితరము చదువరులను చేర్చుకొని నూటికి అరువదిమందిని తీర్చిదిద్దిన బడి, ఏరి చేర్చుకొన్నవారిలో తొంబదిమందిని గట్టెక్కించిన బడికంటె ఘనమైనది కావచ్చును. కావున ఇల్లు చూడబోవు తలిదండ్రులు ప్రకటనలోని ర్యాంకులు చూచుటతో తృప్తిపడక, ఒక దినము ఆ బడికి పోయి చూడవలెను. గురువులు ఏండ్ల తరబడి నిలుచుచున్నారా? గ్రంథాలయపు బీరువా తెరచుచున్నారా? వెనుకబెంచీ బాలుని పేరు గురువునకు తెలియునా? ఈ మూడు ప్రశ్నలకు దొరకు జవాబులు ర్యాంకులకంటె హెచ్చు విషయమును తెలుపగలవు.

ఇది ఒక్కొక్క గృహస్థు వివేకముతో తీరు సమస్య కాదు. కొఠారీ కమిషను (1964-66) పొరుగుబడి అను భావమును మన ముందుంచెను. ఒక ప్రాంతమున నివసించు బిడ్డలందరును, కలిమిలేములు, కులమతములు పాటింపక, ఆ ప్రాంతపు బడిలోనే కలిసి చదువవలెనని దాని సిఫారసు. కలిగినవారి బిడ్డలుగూడ అందే చదివినచో ఆ బడిని బాగుచేయక తప్పదని దాని యంతరార్థము. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము పొరుగుబడిని హక్కుగా గుర్తించెను. కేంద్రపు నమూనా నియమముల ప్రకారము ఐదవ తరగతి వరకు ఒక కిలోమీటరు, ఎనిమిదవ తరగతి వరకు మూడు కిలోమీటర్ల నడక దూరములో బడి ఉండవలెను. చట్టము దూరమును కొలిచినది. బడి గోడలు, మరుగుదొడ్లు, త్రాగునీరు బాగుచేయుటకు ఆంధ్రప్రదేశమున 2019లోను, తెలంగాణమున 2022లోను ప్రభుత్వములు కార్యక్రమములు చేపట్టెను. దూరము, గోడ, నీరు ముఖ్యములే. కాని ప్రతి తరగతికి ఒక గురువు లేనిదే తలిదండ్రుల నమ్మకము నిలువదు.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇండ్లు కొందురు, కొందరు ఉపాధ్యాయులగుదురు, కొందరు పన్నులు విధించి నిధులు పంచు పదవులలో కూర్చుందురు. ఏ ఇంటి ప్రక్కనున్న బడియైనను నమ్మదగినదే యైన నాడు, ఇల్లు కొనువాడు నీరు, నీడ, ఇరుగుపొరుగు చూచుకొని కొనును. బడికై పొలము అమ్ముకొనడు. అవ్వతాతలను విడిచి పోడు. నేడు మీ ఊరి బడిలో ఎన్ని తరగతులకు గురువులు లేరో లెక్కించి, ఆ లెక్కను గ్రామసభలో అడుగుట అందుకు తొలిమెట్టు. ఎడ్జ్‌వుడ్ పిల్లలు మొదట అడిగినదియు అదియే.