పిల్లికూతలు – పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

చలికాలపు రాత్రులందు గ్రామములలో కొన్ని ఇండ్లనుండి సన్నని ఈలవంటి ధ్వనితో ఆయాసము వినవచ్చుచుండును. దీనినే మనము పిల్లికూతలందుము. "ఉబ్బసపు మనిషి" అని ఊరకుండుట పలుచోట్ల అలవాటైనది. కాని పిల్లికూత ఒక వ్యాధి కాదు. వ్యాధిని తెలుపు లక్షణము మాత్రమే.

ఈ ధ్వని ఎట్లు పుట్టుచున్నది? ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోవు గొట్టములు చెట్టు కొమ్మలవలె చీలి సన్ననగును. వాని చుట్టునున్న కండరములు బిగిసినను, లోపొర వాచినను, కళ్ళె పేరుకొనినను దారి ఇరుకగును. ఆ ఇరుకున గాలి వడిగా పోవునపుడు గొట్టపు గోడలు అదరి ఈల పుట్టును. ఊపిరి విడుచునపుడు గొట్టములు మరింత కుదించుకొనును గనుక అప్పుడే అది ఎక్కువగా వినబడును.

కారణములు పెక్కు. ఉబ్బసము గలవారికి దుమ్ము, పొగ, పుప్పొడి, చలిగాలి దీనిని రేపును. పసిబిడ్డలకు జలుబుతోనే రావచ్చును. చిరకాలము చుట్ట, బీడీ కాల్చినవారికిని, కట్టెలపొయ్యి పొగ పీల్చిన స్త్రీలకును గొట్టములు పాడగుటచే వచ్చును. వృద్ధులలో గుండె బలహీనతయు కారణము కావచ్చును. ఆడుకొనుచున్న బిడ్డకు హఠాత్తుగా దగ్గుతెర వచ్చి కూత మిగిలినచో, వేరుసెనగ గింజయో చింతపిక్కయో చిక్కినదని అనుమానించి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. కావున ఒకరి మందు వేరొకరికి ఇచ్చుట ప్రమాదము.

ఇన్‌హేలరు అలవాటైన విడువదను భయము నిరాధారము. మందు నేరుగా గొట్టములకే చేరును గనుక స్వల్ప మోతాదు చాలును. ఆయాసము తగ్గినదని ప్రతిదినము వాడవలసిన మందును వైద్యుని అడుగక మానరాదు.

ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. కూత ఆగుట ఎల్లప్పుడును శుభసూచకము కాదు. గాలి ఆడుటయే తగ్గిపోయినపుడు ఈలయు ఆగును. రోగి తేరుకొనక, మాట పూర్తిచేయలేక, పెదవులు నీలివర్ణము దాల్చి, మగతగా ఉన్నచో అది ప్రాణాపాయము. బిడ్డ ఊపిరి పీల్చునపుడు డొక్కలు లోనికి పోవుచున్నను, శ్వాస నిమిషమునకు 2 నెలలు మొదలు ఏడాదిలోపు 50 సార్లు, ఆపైన 5 ఏండ్లలోపు 40 సార్లు, లేదా అంతకు మించినను జాగు చేయరాదు. రోగిని నిటారుగా కూర్చుండబెట్టి, వైద్యుడు వ్రాసియిచ్చిన ఇన్‌హేలరు నిచ్చి, 108కి ఫోను చేయవలెను.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశములలో ఆరోగ్యమును, పారిశుద్ధ్యమును చేర్చినది. చెత్తను, వరికొయ్యకాళ్ళను తగులబెట్టకుండ చూచుట, వంటయిండ్లలో పొగ తగ్గించుట, ఆయాసపు రోగులున్న ఇండ్లను ఆశా కార్యకర్తతో కలసి గుర్తించుట, రాత్రివేళ వాహనము దొరకునట్లు ముందే ఏర్పాటు చేయుట సభ్యులు చేయదగిన పనులు. వచ్చు గ్రామసభలో ఈ విషయమును చర్చింపుడని మనవి చేయుచున్నాము.