కోడ్ స్కానర్ చెబుతుంది.. కారణం మీరు చెప్పాలి!

‘కారు మామూలుగా బాగానే వెళ్తోంది. ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం మిస్సింగ్ వస్తోంది. ఏం చేస్తావ్?’ సర్వీస్ టెక్నీషియన్ ఇంటర్వ్యూకి వెళ్లేవారు తప్పక సిద్ధం చేసుకోవాల్సిన ప్రశ్న ఇది. ‘ప్లగ్గులు మార్చేస్తా’ అన్నారనుకోండి. ఒక్కోసారి అదే నిజం కావచ్చు. కానీ జవాబుగా చాలదు. ఏం మారుస్తారన్నది కాదు, తప్పు ఎక్కడుందో ఎలా తేలుస్తారన్నదే అసలు ప్రశ్న.

లోడ్‌లోనే ఎందుకు?

పెట్రోల్ ఇంజిన్‌లో పెడల్ గట్టిగా తొక్కితే సిలిండర్‌లోకి గాలి ఎక్కువగా వెళ్తుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్ గ్యాప్‌లో స్పార్క్ రావడానికి ఎక్కువ ఓల్టేజీ కావాలి. అరిగిపోయి గ్యాప్ పెరిగిన ప్లగ్, బలహీనపడిన ఇగ్నిషన్ కాయిల్ అక్కడే చేతులెత్తేస్తాయి. అదే సమయంలో ఇంధనం అవసరమూ పెరుగుతుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, పంపు నీరసించినా ఐడిల్‌లో సరిపోయిన పెట్రోల్ ఇప్పుడు చాలదు. అంటే కస్టమర్ చెప్పిన ఫిర్యాదులోనే సగం ఆచూకీ ఉంది.

ఈ వరసలో వెళ్లండి

* ముందు అడగండి: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేరులో? ప్లగ్గులు ఎప్పుడు మార్చారు? ఈమధ్య ఏ రిపేరు చేయించారు?

* స్కానర్ పెట్టండి: నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో పీ0301 నుంచి పీ0304 వరకు కోడ్‌లు ఏ సిలిండర్‌లో మిస్ అవుతోందో చెబుతాయి. పీ0300 వస్తే ఒక సిలిండర్‌కే పరిమితం కాదని అర్థం. ఏ స్పీడులో, ఎంత లోడ్‌లో కోడ్ పడిందో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో చూడండి.

* మార్చి చూడండి: పీ0302 వచ్చిందనుకుందాం. ఇంజిన్ ఆపి, చల్లారాక రెండో సిలిండర్ కాయిల్‌ను మూడో దానికి, మూడో దాన్ని రెండోదానికి మార్చండి. కోడ్ చెరిపి రోడ్ టెస్ట్ చేయండి. ఈసారి పీ0303 వస్తే దోషి కాయిలే. పీ0302నే మళ్లీ వస్తే ప్లగ్, తర్వాత ఇంజెక్టర్, వైరింగ్ చూడాలి. అక్కడా తేలకపోతే కంప్రెషన్ టెస్ట్.

* అన్ని సిలిండర్లలోనూ ఉంటే: లోడ్‌లో ఫ్యూయల్ ప్రెషర్ కొలిచి సర్వీస్ మాన్యువల్‌తో పోల్చండి. ఐడిల్‌లో బాగున్న ఫ్యూయల్ ట్రిమ్ లోడ్‌లో బాగా ప్లస్‌లోకి వెళ్తే ఇంధనం చాలడం లేదని, లేదా గాలిని కొలిచే సెన్సర్ తక్కువ చూపుతోందని అనుమానించాలి. వాక్యూమ్ లీక్ అయితే సాధారణంగా ఐడిల్‌లోనే ఎక్కువగా బయటపడుతుంది.

* మూలం వదలొద్దు: ప్లగ్ గుంతలో ఆయిల్ కనిపిస్తే కాయిల్ ఒక్కటే మార్చి పంపకండి. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ గానీ, ప్లగ్ సీల్ గానీ లీకవుతుంటే కొత్త కాయిలూ పాడవుతుంది.

చెక్ ఇంజిన్ లైట్ ఆగి ఆగి వెలుగుతుంటే టెస్ట్ పేరుతో పదేపదే యాక్సిలరేటర్ తొక్కకండి. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. చిన్న రిపేరు కాస్తా పెద్ద బిల్లవుతుంది. ఊహతో నాలుగు కాయిళ్లూ మార్చేసినా అంతే. కస్టమర్ డబ్బూ పోతుంది, మీ మీద నమ్మకమూ పోతుంది.

ఎలా సిద్ధమవ్వాలి?

పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో చేరొచ్చు. మెకానికల్ బీటెక్ వాళ్లు సర్వీస్ అడ్వైజర్, టెక్నికల్ సపోర్ట్, వారంటీ విభాగాలవైపు చూడొచ్చు. ఏ దారిలో వచ్చినా అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాక సెన్సర్ల డేటా చదవగలగడం మరింత అవసరమైంది. ఓబీడీ అడాప్టర్‌ను ఫోన్‌కు కలిపి బాగున్న కారు లైవ్ డేటా ముందు చూసి పెట్టుకోండి. మంచి రీడింగ్ ఎలా ఉంటుందో తెలిస్తేనే చెడ్డది కంటికి ఆనుతుంది.

వర్క్‌షాప్‌లో చూసిన ప్రతి కేసునూ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఫిర్యాదు, చేసిన టెస్ట్, వచ్చిన రీడింగ్, తేలిన కారణం.. నాలుగు లైన్లు చాలు. ఇంటర్వ్యూలో ‘నాకు పని వచ్చు’ అని చెప్పుకోవడం కన్నా ఆ నోట్‌బుక్ తెరిచి చూపించడమే గట్టి జవాబు.