కుప్ప పక్కనే కంచం

ఇటలీ తిండి సరుకులు అమ్మే ఈటలీ అనే అంగడి 2007లో టురిన్ నగరంలో మొదలైంది. ఒకప్పుడు కార్పానో కంపెనీ వెర్మూత్ మద్యం తయారుచేసిన పాత ఫ్యాక్టరీని ఆస్కార్ ఫరినెట్టి అనే వ్యాపారి అంగడిగా మార్చాడు. 2010లో అది న్యూయార్క్ చేరింది, తర్వాత షికాగో, 2020 చివర్లో డల్లాస్. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే డల్లాస్‌లోనూ సిలికాన్ వ్యాలీలోనూ శాఖలున్నాయి కాబట్టి పాలమూరు వైపు ఇళ్లలోనూ ఆ పేరు విన్నవాళ్లు ఉంటారు. లోపల ఒకవైపు ఆలివ్ నూనె సీసాలు, ఇంకోవైపు పెద్ద పెద్ద చీజ్ దిమ్మెలు, మంచు పరిచిన బల్లల మీద చేపలు, కళ్లెదుటే పిండి కలిపి చేస్తున్న పాస్తా, అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె. వాటి మధ్యనే కుర్చీలు, బల్లలు. చేపలు అమ్మేచోట చేపల హోటల్, పాస్తా అమ్మేచోట పాస్తా హోటల్. అమ్మకానికి పెట్టిన సరుకునే వండి వడ్డిస్తారు. నచ్చితే అదే సరుకు కట్టించుకొని ఇంటికి తీసుకుపోవచ్చు. ధరలు మాత్రం అక్కడి మామూలు కుటుంబానికి కూడా భారమే.

ఆ ధరలు చూసి ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అని పక్కన పెట్టేయడం తేలిక. అలా పెట్టేస్తే నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల రైతుకు, జాలరికి, చెంచుకు అక్కరకొచ్చే సంగతి చేజారుతుంది. హంగులన్నీ తీసేసి చూస్తే ఆ అంగడిలో రెండు ఏర్పాట్లు మిగులుతాయి. సరుకు కుప్ప పక్కనే కంచం పెట్టి, కొనేవాడికి రుచి చూపించి అమ్మడం మొదటిది. సరుకు మీద పుట్టిన చోటు పేరు వేసి, ఆ పేరును ఎవరు పడితే వాళ్లు వాడకుండా చట్టంతో కాపాడుకోవడం రెండోది. మొదటిది మనకు కొత్త కాదు. లేనిదల్లా రెండోదే. ఈ మూడు జిల్లాల్లో రుచికి కొదవ లేదు. ఆ రుచికి ఊరి పేరు, ఆ పేరుకు ఒక నియమం, ఆ నియమం మీద పండించేవాళ్లకే అధికారం, ఈ మూడూ కుదిరితే ఇక్కడి సరుకు గతి మారుతుందని నా నమ్మకం.

ఈటలీలో అమ్మే సరుకుల్లో పర్మిజానో రెజ్జానో అనే చీజ్‌ను కాస్త దగ్గరగా చూస్తే ఈ నియమం ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఒక్కో దిమ్మె సుమారు 40 కిలోలు, దానికి దాదాపు 550 లీటర్ల పాలు పడతాయి. పర్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా, వాటిని ఆనుకొని బొలోన్యా, మాంతువా ప్రాంతాల్లో కొంత భాగం, ఈ హద్దుల్లో పుట్టిన పాలతోనే చేయాలి. ఆవులకు పాతర వేసిన మేత పెట్టకూడదు. దిమ్మె ఇంకా మెత్తగా ఉండగానే అచ్చులో పెట్టి, పక్కల చుట్టూ చుక్కల అక్షరాలతో చీజ్ పేరు, చేసిన పాలకేంద్రం నంబరు, నెల, సంవత్సరం దిగేలా చేస్తారు. కనీసం 12 నెలలు మగ్గబెట్టాలి. ఏడాది నిండాక పరీక్షించే మనిషి చిన్న సుత్తితో దిమ్మెను చుట్టూ కొడుతూ చప్పుడు వింటాడు. లోపల పగులో బొక్కో ఉంటే శబ్దం మారిపోతుంది. నెగ్గినదానికి కాల్చిన ముద్ర పడుతుంది, ఓడినదాని మీదున్న చుక్కల పేరును చెరిపేస్తారు. ఈ పనులన్నీ చూసుకునేది తయారీదారుల సంఘమే. దాని మూలాలు 1934 నాటివి. పుట్టిన చోటు పేరును ఐరోపా అంతటా కాపాడే చట్టం 1992లో వచ్చింది. అంటే చట్టం కన్నా దాదాపు 60 ఏళ్లు ముందే సంఘం ఉంది. ఈ వరుస గుర్తుపెట్టుకోదగ్గది. మన దగ్గర ఎక్కువగా ముందు ముద్ర కోసం దరఖాస్తు పెట్టి, ఆ తర్వాత సంఘం సంగతి ఆలోచిస్తారు.

ఇప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, గద్వాల వైపు యాసంగి పల్లీల సంగతి చూద్దాం. రైతు బస్తాలు తెచ్చి మార్కెట్ యార్డులో కుప్ప పోస్తాడు. వ్యాపారి గుప్పెడు కాయలు తీసుకొని చేతిలోనే చిట్లగొట్టి, పప్పు లావు, తేమ, తాలు కాయ చూసి ధర వేస్తాడు. కాంటా అయిపోయాక హమాలీలు బస్తాలు కుట్టి లారీకెక్కిస్తారు. ఆ లారీలో ఇరవై ఊళ్ల కాయలు కలిసిపోతాయి. నూనె మిల్లుకో, గింజ ఒలిచే మిల్లుకో చేరేసరికి అది ఏ ఊరి పల్లో చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు. పొలంలో ఎరువు తగ్గించి, కాయను శ్రద్ధగా ఆరబెట్టిన రైతుకూ, తడి మీదే బస్తాకెత్తిన రైతుకూ మధ్య తేడా అక్కడితో చెరిగిపోతుంది. శ్రద్ధకు వచ్చే అదనపు డబ్బు క్వింటాలు మీద కొద్దిపాటిది. అదీ ఆ రోజు యార్డుకు వచ్చిన రాశిని బట్టి ఉంటుంది.

ఇక్కడి పల్లీకి చెప్పుకోదగ్గ గుణం లేకపోతే ఇంత బాధపడాల్సిన పని లేదు. ఉంది కాబట్టే బాధ. పల్లీకి పెద్ద శత్రువు అఫ్లాటాక్సిన్ అనే విషం. ఆస్పర్జిల్లస్ అనే బూజు వల్ల అది పుడుతుంది. కాయ ఊరే రోజుల్లో బెట్ట తగిలినా, పీకిన తర్వాత వాన పడి సరిగ్గా ఆరకపోయినా ఆ బూజు గింజలోకి చేరుతుంది. వానాకాలం పంటకు ఈ రెండు ప్రమాదాలూ ఎక్కువ. యాసంగిలో బోరు నీళ్లతోనో, కల్వకుర్తి, జూరాల కాలువల నీళ్లతోనో తడులిచ్చి, ఎండలు ముదిరే రోజుల్లో పీకి ఆరబెట్టే పంటకు రెండూ తక్కువే. ఐరోపా దేశాలు నేరుగా తినే పల్లీల్లో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటనివ్వవు. ఆ గీత దాటిన సరుకును రేవులోనే ఆపేస్తారు. అలాంటి మార్కెట్‌లో నిలబడగల పంట చేతిలో ఉండి కూడా, దానికి పేరు, పరీక్ష, ముద్ర లేక నూనె మిల్లు ధరకు అమ్ముకుంటున్నాం. సుత్తి దెబ్బకు బదులు ఇక్కడ కావలసింది యార్డులో ఒక పరీక్ష యంత్రం, ప్రతి బస్తాకు ఊరి పేరుతో ఒక చీటీ, ఆ చీటీ అబద్ధమైతే జరిమానా వేయగల రైతు సంఘం.

కొల్లాపూర్ మామిడిది ఇంకో దారి. అక్కడి తోటల్లో పండేది ఎక్కువగా బంగినపల్లి, హైదరాబాద్ పండ్ల మార్కెట్‌లో బేనిషాన్ అంటారు. చాలా తోటలు పూత మీదనో పిందె మీదనో గుత్తకు పోతాయి. గుత్త పట్టినవాడికి ముందు మార్కెట్‌కు పోతే ధర ఎక్కువ, కాబట్టి ముదరని కాయను కోయడానికి తొందరపడతాడు. రుచి పోయిన కాయ మీద కొల్లాపూర్ పేరు ఉన్నా పాడయ్యేది తోట రైతు పేరే, ఆ కోతలో అతని మాట చెల్లుబాటు కాదు. బనగానపల్లె మామిడికి 2017లో ఆంధ్రప్రదేశ్ ఉద్యాన శాఖ పేరిట, పుట్టిన చోటు పేరును చట్టంతో కాపాడే భౌగోళిక గుర్తింపు వచ్చింది, మరి అదే రకానికి కొల్లాపూర్ పేరు ఎందుకని కొందరు అడుగుతారు. రకం ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటే కాదు. ఏ నేల, ఏ నీరు, ఎంత ముదిరాక కోశారు, ఎలా మాగేశారు అన్నవి కలిస్తేనే తినేవాడికి తెలిసే రుచి. వీటిలో సగం మనిషి చేతిలో ఉన్నవే. ఫలానా ముదురు రాకముందు కోయకూడదు, మందు వేసి మాగేయకూడదు అన్న రెండు కట్టుబాట్లు రైతులు పెట్టుకుని నిలబెట్టుకుంటే కొల్లాపూర్ పేరుకు విలువ దానంతటదే వస్తుంది.

కుప్ప పక్కన కంచం సంగతికి వస్తే, ఈ ప్రాంతంలో దానికి నిఖార్సైన ఉదాహరణ జూరాల. తెలంగాణలో కృష్ణా నది మీద మొదట తగిలే ప్రాజెక్టు అది, గద్వాలకూ ఆత్మకూరుకూ మధ్య. గేట్లెత్తినప్పుడు నీళ్లు చూడటానికి వచ్చే జనం అక్కడ చేపలు తినకుండా పోరు. నదిలో పట్టిన చేప ఎదురుగానే ఉంటుంది, రవ్వో బొచ్చో చూపిస్తే తూకం వేసి, పొలుసు గీరి, ముక్కలు కోస్తారు. కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించి నూనెలో వేస్తారు, లేదా చింతపండు పులుసులో. ఈటలీ చేపల బల్ల దగ్గర జరిగేదీ ఇదే. కొనేవాడు చేపను కళ్లతో చూసి, అదే చేపను నిమిషాల్లో తింటున్నాడు. ఏ వ్యాపార పాఠం చదవకుండా, రేకుల కింద, పొయ్యి పొగలో మనవాళ్లు ఈ పద్ధతిని కనిపెట్టారు. ఇది గర్వపడదగ్గ విషయం. అయితే గిరాకీ పెరిగాక పళ్లెంలోని ముక్క నది చేపదో, ఎక్కడో చెరువులో పెంచి తెచ్చినదో తినేవాడికి తెలిసే దారి లేదు. జాలర్ల సహకార సంఘం ఒక పలక పెట్టి, నది చేపకు వేరే గుర్తు, చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వల వేయకూడదన్న కట్టుబాటు, పాచిపోయింది అమ్మితే కొట్టు మూయించే అధికారం పెట్టుకుంటే జూరాల చేప అన్న మాటకు గట్టి పునాది పడుతుంది.

ఇదంతా ఖరీదైన వ్యవహారం, పెద్ద భవనం కావాలి, పెట్టుబడి కావాలి అన్న అభ్యంతరం మొదట వస్తుంది. దానికి జవాబు ఈటలీ కథలోనే ఉంది. 2017లో బొలోన్యా దగ్గర సుమారు 10 హెక్టార్లలో ఫికో అనే తిండి నగరం కట్టారు. పశువుల కొట్టాలు, తోటలు, వర్క్‌షాపులు, పదుల కొద్దీ హోటళ్లు. అనుకున్నంత జనం రాలేదు. తర్వాత మార్పులు చేశారు, 2024లో పేరు కూడా మార్చేశారు. ఈటలీ కంపెనీలోనే సగానికి పైగా వాటా 2022లో ఒక పెట్టుబడి సంస్థ చేతికి పోయింది. చీజ్ దిమ్మె మీద చుక్కల అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి హైవే పక్కన కోట్లు పోసి ఫుడ్ కోర్టు కట్టాలన్న ప్రతిపాదన ఎవరు తెచ్చినా వద్దనే అనాలి. అనుకరించాల్సింది భవనాన్ని కాదు, పాలకేంద్రం నంబరును.

మనవాళ్లు ఊరి పేరుకు అదనంగా డబ్బిస్తారా అన్నది రెండో అనుమానం. గద్వాల ఊళ్లోనే దానికి జవాబు ఉంది. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే పనికి గద్వాల పేరు చెప్పి ఇల్లాలు దశాబ్దాలుగా ఎక్కువ ధర పెడుతోంది. ఆ చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తిండిలోనూ ఉదాహరణలున్నాయి. హైదరాబాద్ హలీంకు 2010లో, తాండూరు కందికి 2022లో అదే గుర్తింపు దక్కింది. హలీం విషయంలో తయారీదారులే సంఘంగా ఏర్పడి మాంసం, నెయ్యి, కట్టెల మంట మీద ఎంతసేపు ఉడకాలి అన్నవి రాసుకున్నారు. కొనేవాడికి నమ్మకం కుదిరితే చేయి వెనక్కి పోదు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. పేరు వచ్చాక లాభం రైతుకు చేరుతుందా, లేక ఆ పేరు పట్టుకొని వ్యాపారే బాగుపడతాడా? నకిలీ గద్వాల చీరల గొడవ తెలిసినవాళ్లెవరూ ఈ భయాన్ని కొట్టిపారేయలేరు. గుర్తింపు పత్రం దానంతటది ఎవరినీ కాపాడదు. 1999లో మొదలైన రైతు బజార్లు దళారీని తప్పించి రైతుకు మేలు చేశాయి, కానీ అక్కడ కూరగాయకు ఊరి పేరు అక్కర్లేకపోయింది. మన నేలమీదే ఇంకా ముందుకు వెళ్లిన ప్రయత్నాలున్నాయి. ముల్కనూరులో 1956 నుంచి నడుస్తున్న సహకార సంఘం సభ్యుల ధాన్యాన్ని తానే కొని, శుద్ధి చేసి, అమ్మి లాభం పంచుతోంది. అక్కడి మహిళల పాల డెయిరీ స్వకృషి పేరుతో ఇళ్లకు చేరింది. జహీరాబాద్ దగ్గర డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు తమ పొలాల్లోని కొర్రలు, సామలు, జొన్నలతో కేఫ్ ఎత్నిక్ అనే హోటల్ నడిపాయి. ఆ మహిళల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. పండించేవాళ్లే పొయ్యి దగ్గరకు రాగలరు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అయితే సంఘంలో ఎవరికి చోటు అన్నది కూడా చూడాలి. యార్డులో పల్లీలు అమ్మే రైతుల్లో కౌలుదారులు ఎంతోమంది. సంఘంలో సభ్యత్వానికి పట్టా పాసుబుక్కే అడిగితే వాళ్లంతా బయటే ఉండిపోతారు. ఏ పంటకు సంఘం పెట్టినా సభ్యత్వం సాగు చేసేవాళ్లదని మొదటి పుటలోనే రాయాలి.

ఈ మాట అందరికన్నా చెంచులకు ఎక్కువ వర్తిస్తుంది. అమ్రాబాద్ అడవిలో అప్పాపూర్ లాంటి పెంటల (చెంచు గూడేల) నుంచి వచ్చే తేనెను గిరిజన సహకార సంస్థ కొంటుంది. 1956లో ఏర్పడిన ఆ సంస్థ చెంచులకు షావుకారు బారి నుంచి కొంత రక్షణ ఇచ్చింది, అది కాదనలేం. అయితే అనేక చోట్ల తేనె కలిసిపోయి సీసాకెక్కాక, తాడు కట్టి కొండచరియ మీదుగా దిగి పెద్ద తేనెటీగల పట్టు కోసిన మనిషి ఊరు కనిపించదు. చిన్నపాటి అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు అడవిబిడ్డలదేనని 2006 నాటి అటవీ హక్కుల చట్టం చెబుతోంది. ఆ హక్కు ఉన్నవాళ్ల పెంట పేరు, తేనె తీసిన నెల సీసా మీద వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పులులు చూడటానికి ఫర్హాబాద్ వచ్చే పర్యాటకుల్లో చాలామంది మన్ననూరు మీదుగానే పోతారు. అక్కడ చెంచు మహిళలు నడిపే ఒక చిన్న వంటిల్లు, అందులో జొన్న రొట్టె, అడవి తేనె, రుచి చూశాక కొనుక్కునేందుకు పెంట పేరున్న సీసా ఉంటే చాలు. ఆ సీసా ధర ఎంతో తేల్చే కాగితం మీద పెంట పెద్దల సంతకం మాత్రం తప్పకుండా ఉండాలి.