పొలం గేటుకు 42 రోజుల గడువు

కంచే చేను మేస్తే కాపేం చేస్తాడని మన సామెత. మరి చేనే కంచెను మేస్తే? రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో అచ్చంగా అదే జరిగింది. తిండిగింజలు ఎక్కువ పండించాలన్న ఆత్రంలో ప్రభుత్వమే డబ్బు సాయం చేసి మరీ పొలాల మధ్య కంచెలు తీయించింది. చిన్న చేలు కలిసి పెద్ద కమతాలయ్యాయి. ఆనాటి కంచెల్లో సుమారు సగం పోయాయని అంచనా. మిగిలిన వాటిని కాపాడటానికి ఒక నిబంధనావళి వచ్చింది. పొలం గేటు కాస్త వెడల్పు చేసుకుందామనుకునే మామూలు రైతుకు అది ఏం చెబుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను మన కళాశాలలో వృక్షశాస్త్రం చదివినవాణ్ణి. కొన్నేళ్ళుగా ఇంగ్లండులో ఒక పల్లెటూళ్ళో ఉంటున్నాను. కంచె అనగానే మనకు ఎండు ముళ్ళకంప గుర్తొస్తుంది. అక్కడి కంచె అది కాదు. హాథార్న్, బ్లాక్‌థార్న్ అనే ముళ్ళమొక్కలు, హేజెల్, మేపుల్, అడవి గులాబి, మధ్యమధ్య ఓ ఓక్ చెట్టు - ఇలా వరసగా పెరిగిన పచ్చటి గోడ అది. పిట్టలు అందులో గూళ్ళు పెడతాయి, గబ్బిలాలు దాని వెంటే దారి చూసుకుంటాయి. కొన్ని కంచెలు వందల ఏళ్ళ నాటివి. 30 గజాల కంచెలో ఎన్ని జాతుల చెట్లూ పొదలూ ఉంటే దాని వయస్సు సుమారు అన్ని వందల ఏళ్ళని మాక్స్ హూపర్ అనే శాస్త్రజ్ఞుడు ఒక స్థూలమైన లెక్క కట్టాడు. అది అన్ని చోట్లా సరిపోదని తర్వాత తేలినా, కంచె అంటే రాయని చరిత్ర అన్న సంగతి మాత్రం జనం మనసులో నాటుకుంది.

ఇక గేటు సంగతి. పాత గేట్లు గుర్రపు బళ్ళ కాలానివి. ఇప్పటి ట్రాక్టర్లూ కోత యంత్రాలూ వాటిలో పట్టవు. మా పొరుగు రైతు ఒకాయన, "గేటు పదడుగులు, నాకు కావలసింది పదిహేను. అయిదడుగుల పొద తీయడానికి కూడా ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలా?" అని నన్నడిగాడు. అడగవలసిన ప్రశ్నే!

1995 నాటి పర్యావరణ చట్టం కింద చేసిన కంచెల నిబంధనలు 1997 జూన్ 1 నుంచి ఇంగ్లండు, వేల్సులలో అమలులో ఉన్నాయి. వ్యవసాయ భూమిలోగాని, దాని పక్కనగాని ఉన్న కంచె 20 మీటర్లు, ఆపైన పొడవుంటే అది వీటి కిందికి వస్తుంది. అంతకంటె పొట్టిదైనా రెండు కొసలూ వేరే కంచెలతో కలిస్తే వస్తుంది. మధ్యలో 20 మీటర్లకు మించని ఖాళీ ఉంటే దాన్నీ కంచెలో భాగంగానే లెక్కిస్తారు. కాబట్టి "గేటు దగ్గర కంచె తెగిపోయింది కదా, ఇవి రెండు చిన్న ముక్కలు" అనే వాదన చెల్లదు. ఇళ్ళ ఆవరణలోని తోట కంచెలకు ఈ నిబంధనలు లేవు.

కంచెను వేళ్ళతో పెకలించదలచిన రైతు, అది కొద్ది అడుగులే అయినా, ముందుగా స్థానిక ప్రణాళికా సంస్థకు నోటీసు ఇవ్వాలి. వారికి 42 రోజుల గడువు. ఆ లోపల వారు కాదనకపోతే రైతు పని చేసుకోవచ్చు, రెండేళ్ళలోగా. కాదనాలంటే ఆ కంచె "ముఖ్యమైనది" కావాలి. అంటే దాని వయస్సు 30 ఏళ్ళు దాటి, పైగా చరిత్రకో ప్రకృతికో సంబంధించిన గుర్తు ఒక్కటైనా ఉండాలి. ఉదాహరణకు, 1850కి ముందే ఉన్న పారిష్ పొలిమేర మీద అది నిలిచి ఉండటం ఒక గుర్తు. 30 మీటర్లలో సగటున ఏడు నిర్ణీత జాతుల చెట్లూ పొదలూ ఉండటం మరొకటి. ముఖ్యమైనది కాకపోతే అధికారికి ఆపే హక్కు లేదు. ఈ విధంగా రైతుకూ రక్షణ ఉంది.

మినహాయింపులూ లేకపోలేదు. వాటిలో ఒకటి తమాషాగా కనిపిస్తుంది. పాత దారికి బదులు కొత్త దారి చేసుకుంటే నోటీసు అక్కర్లేదు. కాకపోతే ఎనిమిది నెలల్లోగా పాత సందులో మొక్కలు నాటి పూడ్చాలి. ఉన్న దారినే వెడల్పు చేస్తే మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. ఆలోచిస్తే ఇందులో న్యాయం ఉంది. మొదటి దాంట్లో తీసినదానికి బదులు నాటుతున్నాం. రెండో దాంట్లో తీయడమే గాని పెట్టడం లేదు.

కంచె ఒక్కటే అడ్డం కాదు. గేటు పెద్ద రోడ్డు మీదికి తెరుచుకుంటే ప్లానింగ్ అనుమతి కూడా కావలసి రావచ్చు. పిట్ట కాపురమున్న గూటిని తెలిసి పాడుచేయడం 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇంగ్లండులో 2024 మేలో వచ్చిన నిబంధనల ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పొలం కంచెలను కత్తిరించనే కూడదు.

నోటీసు లేకుండా పీకేస్తే? కోర్టు వేసే జరిమానాకు పరిమితి లేదు. తిరిగి నాటమనీ ఆదేశించవచ్చు. అలా నాటిన లేత కంచెను 30 ఏళ్ళ దాకా ముఖ్యమైనదిగానే చూస్తారు.

ఇవన్నీ విని మా పొరుగాయన కొంచెం విసుక్కున్నాడు. ఆయన విసుగు నాకు అర్థమవుతుంది. కోతల కాలంలో 42 రోజులంటే రైతుకు చాలా ఎక్కువ. కాని ఎవరి గేటు దగ్గర వారు అయిదేసి అడుగులు తీసుకుంటూ పోతే దేశం మొత్తం మీద ఎంతవుతుంది? యంత్రంతో ఆ పొద పీకడానికి అరగంట పట్టదు. అది మళ్ళీ అంత కావాలంటే మనుమలు రావాలి. అందుకే నిబంధన రైతును వద్దనడం లేదు, ముందు అడగమంటోంది. రేపు అధికారులూ ఇంజనీర్లూ న్యాయవాదులూ కాబోయే మన విద్యార్థులు గమనించవలసింది ఇదే. తిరిగి తేలేనిదాన్ని తీసేముందు ఇంకొకరి చేత ఒకసారి చూపించుకోవడం కాలహరణం కాదు.