పెద్దవాళ్ళ దిగులుకు ఏ ఓపీ?

భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం భారత్, సోవియట్ యూనియన్ 1955లో ఒప్పందం చేసుకున్నాయి. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళలో ఎందరో పవర్ హౌస్ స్టేషన్ దగ్గరి కూలీల క్యాంపుల్లో ఇళ్ళు కట్టుకున్నారు. క్యాంప్ 2లో ఇవాళ్టికీ తెలుగు వినపడుతుంది. ఆ రోజుల్లో ఇరవై ఏళ్ళ వయసులో వచ్చినవారికి ఇప్పుడు ఎనభై అయిదు దాటింది. వాళ్ళ తర్వాత కొలువులో చేరినవాళ్ళూ రిటైరయ్యారు. పిల్లలు చాలామంది పుణే, హైదరాబాద్, బెంగుళూరు వెళ్ళిపోయారు.

ఈ వయసులో డిప్రెషన్ వచ్చినప్పుడు మనిషి ‘నాకు దిగులుగా ఉంది’ అని చెప్పడం అరుదు. అరికాళ్ళ మంటలంటారు, గుండె దడంటారు. అన్నం సయించదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, మళ్ళీ నిద్ర పట్టదు. వాళ్ళు నటించడం లేదు. ఒంటి నొప్పినీ మనసు బాధనూ అదుపులో ఉంచడంలో రెండు రసాయనాలకు పాత్ర ఉంది: సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్. వాటి పని దెబ్బతింటే మామూలు నొప్పి కూడా భరించలేనంత కావచ్చు. దీనికి తోడు ఏళ్ళ తరబడి ఉన్న బీపీ, షుగర్ మెదడు లోపలి సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తాయి. అప్పుడు కన్నీళ్ళు కూడా లేకుండానే మనిషి మందగిస్తాడు, దేని మీదా ఆసక్తి ఉండదు. ఇంట్లోవాళ్ళు ‘ముసలితనం కదా’ అని సరిపెట్టుకుంటారు. నా దృష్టిలో పెద్దవాళ్ళకు ఎక్కువ కీడు చేసే మాట ఇదే, ఎందుకంటే దాంతో వైద్యానికి తలుపు మూసుకుపోతుంది.

రెండో అడ్డంకి భయం. మానసిక వైద్యం అనగానే ఉత్తరాంధ్రవాళ్ళకు విశాఖ చినవాల్తేరు ఆసుపత్రి గుర్తొస్తుంది. హిందీవాళ్ళకు రాంచీ కాంకే, ఛత్తీస్‌గఢ్‌లో అయితే బిలాస్‌పూర్ దగ్గర సేంద్రి. కానీ పెద్దవాళ్ళలో అత్యధికులకు పడక అవసరమే రాదు. ఓపీ చీటీ తీసుకుని, డాక్టరుతో మాట్లాడి, సాయంత్రానికి ఇంటికి వచ్చేసే వైద్యం ఇది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచే హక్కునూ ఇచ్చింది. అయినా 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ఛత్తీస్‌గఢ్‌తో సహా 12 రాష్ట్రాల్లో, వైద్యం అందనివారు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా తేలారు.

క్యాంప్ 2 నుంచి ఎక్కడికి వెళ్ళాలి? కర్మాగారంలో పర్మనెంటుగా పనిచేసి రిటైరైనవారికి రైల్వే లైను అవతల సెక్టార్ 9లో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి తెలిసిన చోటే. కాంట్రాక్టు పనుల్లో బతుకు వెళ్ళదీసినవాళ్ళకు దుర్గ్ జిల్లా ఆసుపత్రి ఉంది. ఛత్తీస్‌గఢ్ జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాన్ని స్పర్శ్ క్లినిక్ అంటారు. కౌంటర్లో ఆ పేరు చెబితే చాలు. కేసు చిక్కుగా ఉంటే రాయ్‌పూర్ ఎయిమ్స్ ఉంది. భిలాయ్ వైపు నుంచి వెళ్తే టాటిబంధ్ దగ్గర, ఊరి మొదట్లోనే వస్తుంది. దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మొదలుపెట్టినా తప్పులేదు. బెంగుళూరు నిమ్‌హాన్స్ వీడియో ద్వారా ఈ రాష్ట్రంలోని ప్రభుత్వ వైద్యులకు మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చింది.

అసలు పెద్దవాళ్ళకు మొదటి మెట్టు జనరల్ మెడిసిన్ ఓపీయే కావాలని నేను గట్టిగా అంటాను. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, సోడియం పడిపోయినా, బి12 లోపించినా మనిషి అచ్చం డిప్రెషన్‌లాగే నీరసిస్తాడు, మతిమరుపు వస్తుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకునేవారిలో బి12 తగ్గవచ్చు. ఇవన్నీ మామూలు రక్త పరీక్షల్లో తెలిసిపోతాయి. మందుల వల్లా ఇలాంటి తేడాలు రావచ్చు కాబట్టి ఇంట్లో ఉన్న మందులన్నీ, అట్ట చింపినవీ సగం వాడినవీ కూడా, ఒక సంచిలో వేసి తీసుకెళ్ళాలి. కాళ్ళ మంటలకు ఎప్పుడో రాసిన అమిట్రిప్టిలిన్ పెద్దవయసులో మతిమరుపు తెస్తుంది, మూత్రం బిగబట్టేలా చేస్తుంది. నిద్ర కోసం మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆల్‌ప్రజొలామ్ వల్ల మత్తుగా ఉండి బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. దాన్ని ఒక్కసారిగా మానినా ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

డాక్టరు తప్పక అడిగే ప్రశ్న: ఎప్పటి నుంచి? దీనికి జవాబు ఇంట్లోవాళ్ళ దగ్గరే ఉంటుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో సంధి మాటలు మొదలుపెడితే అది డెలీరియం. వెనక మూత్రంలో ఇన్ఫెక్షనో, న్యుమోనియానో ఉండవచ్చు. ఓపీ రోజు కోసం ఆగకుండా అప్పటికప్పుడు క్యాజువాలిటీకి తీసుకెళ్ళాలి. కొన్ని వారాల్లో మారితే డిప్రెషన్ అనుమానించాలి. ఏళ్ళ మీద మెల్లగా మారుతూ వస్తే డిమెన్షియా కావచ్చు. డిప్రెషన్ ఉన్నవారు తమకేమీ గుర్తుండటం లేదని తామే వాపోతారు. డిమెన్షియా ఉన్నవారు తరచుగా తమకేం కాలేదంటారు, కంగారుపడేది ఇంట్లోవాళ్ళు.

క్యాంప్ 2లో మరో చిక్కు భాష. అరవై ఏళ్ళు బజారులో హిందీతో నెట్టుకొచ్చిన అమ్మమ్మ కూడా ఓపీలో హిందీ ప్రశ్న వినగానే బిక్కచచ్చిపోవచ్చు. చెవుడు కూడా తోడైతే చెప్పనక్కర్లేదు. ఆ మౌనాన్ని మతిమరుపు కింద రాసేస్తే జబ్బు పేరే మారిపోతుంది. చదువురానివారికి పాత జ్ఞాపకశక్తి పరీక్షలు పనికిరావని గ్రహించి, మేరీ గంగూలీ బృందం హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో హిందీ పరీక్ష తయారుచేసి 1995లో ప్రచురించింది. అందులో వాక్యం చదవమనరు, పరీక్షించేవారి ముఖం చూసి వారు చేసినట్టు చేయమంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసిన న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి ఇలాంటి పరీక్షలను తెలుగులోకి తెచ్చారు. ఆమె బృందమే 2013లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని చూపింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనపడింది. ఇంట్లో తెలుగు, బయట హిందీ మాట్లాడే క్యాంప్ పెద్దలకు ఇది శుభవార్తే. పరీక్ష మాత్రం మొదట నేర్చిన భాషలోనే జరగాలి. వెంట వెళ్ళిన కొడుకో కోడలో ప్రశ్నను తెలుగులో అడగాలి గానీ, జవాబు తాము చెప్పకూడదు. కొంతసేపు వాళ్ళు బయటికి వచ్చేయడమూ అవసరం. కోడలి ముందు చెప్పలేని మాటలు ఉంటాయి.

డిప్రెషన్‌కు మందు రాస్తే అది కొద్ది మోతాదుతో మొదలై, మెల్లగా పెరుగుతుంది. పెద్దవాళ్ళలో ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. మొదటి పది రోజుల్లో కడుపులో తిప్పడం తప్ప మేలు కనపడక మానేసేవాళ్ళు ఉంటారు. బీపీకి నీరు మాత్ర వాడేవారికి ఈ మందులతో సోడియం పడిపోవచ్చు, కాబట్టి మళ్ళీ పరీక్ష చేయించాలి. ‘నేను పోతే మీ అందరికీ హాయి’ అన్న మాట వినపడితే మందుల డబ్బాలు అందకుండా దాచి, మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం. అది నడిచే 20 భాషల్లో తెలుగు ఒకటి.

డబ్బు సంగతి. 70 నిండిన అందరికీ ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఏడాదికి 5 లక్షలదాకా భరిస్తుంది గానీ ఆసుపత్రిలో చేరితేనే. ఓపీ ఫీజుకూ నెలనెలా మందులకూ పనికిరాదు. కనీసం అయిదేళ్ళు ఈఎస్ఐలో ఉండి రిటైరైనవారు ఏడాదికి 120 రూపాయలు కట్టి తమకూ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగించుకోవచ్చు. ఈ సంగతి తెలియక వదులుకున్నవాళ్ళు ఉంటారు, అడిగి చూడండి.

డాక్టర్లు చాలని చోట ఏం చేయవచ్చో గోవా చూపింది. అక్కడ అమిత్ డయాస్, విక్రమ్ పటేల్ బృందం మానసిక వైద్యంలో డిగ్రీ లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, అరవై దాటి కాస్త దిగులుగా ఉన్న 181 మందితో అధ్యయనం చేసింది. సగం మందికి సమస్యలను ఒక్కొక్కటిగా విడదీసి పరిష్కరించుకోవడం, నిద్ర సరిచేసుకోవడం, షుగర్ చూసుకోవడం నేర్పారు, పింఛను లాంటి పథకాలకు దారి చూపారు. ఏడాదిలో వారిలో తీవ్రమైన డిప్రెషన్ వచ్చింది 4.4 శాతానికి, మామూలు వైద్యం అందినవారిలో 14.4 శాతానికి. 2018లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఛత్తీస్‌గఢ్‌కు 2002 నుంచే మితానిన్‌లనే ఆరోగ్య కార్యకర్తలు ఉన్నారు. ఆశా కార్యకర్తల పథకానికి ముందే పుట్టిన వ్యవస్థ అది. క్యాంప్ 2లో తెలుగు వచ్చిన మితానిన్‌లను ఎంచి గోవా తరహా శిక్షణ ఇవ్వమని జిల్లా ఆరోగ్యాధికారికి అర్జీ పెట్టే పని ఇక్కడి తెలుగు సంఘాలు చేపట్టవచ్చు.